మేడమ్ గారు సంతకం పెట్టిన సెలవు

ఆ ఉదయం పప్పుకి తాలింపు వేస్తుండగా ఫోను మోగింది. పక్కింటి మేడమ్ గారి చెల్లెలు, ఆసుపత్రి నుంచి. "అక్క వెళ్లిపోయిందమ్మా" అన్నారు. అంతకంటే ఆవిడ చెప్పలేకపోయారు, నేను అడగలేకపోయాను. నూనెలో ఆవాలు మాడి పొగ వీధిలోకి వెళితే ఎదురింటావిడ పరుగున వచ్చి పొయ్యి కట్టేసింది. నేను ఫోను పట్టుకుని మా ఇంటికీ మేడమ్ గారి ఇంటికీ మధ్యనున్న పిట్టగోడ వైపు చూస్తూ నిలబడిపోయాను. ఏడుపు రాలేదు. ముందు భయం వేసింది. ఇలాంటి ఫోను వస్తుందేమోనని నేను చాలా కాలంగా భయపడుతూనే ఉన్నాను. వచ్చేశాక ఆ భయం పోవాలి కదా. పోలేదు.

ఆమె శిష్యులు ఆమె మీద చిన్న పుస్తకం వేస్తున్నారట, నన్నూ రాయమన్నారు. ఇది చదివేవాళ్లలో చాలామంది ఆమె పాఠం విన్నవాళ్లే అయివుంటారు. నేను ఒక్క పాఠమూ వినలేదు. మా ఊరు దర్శి దగ్గర చిన్న పల్లె. ఏడో తరగతితో బడి మానేసి అమ్మతో మిరపకోతకి వెళ్లేదాన్ని. మా మేనత్త కొడుకు, నేను బావా అని పిలిచే మనిషి, చదువుకుని విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రం చెప్పే లెక్చరరయ్యాడు. అయినా పెద్దవాళ్లు ఎప్పుడో అనుకున్న మాట ప్రకారం నన్నే చేసుకున్నాడు. అలా గుంటూరు పక్కనున్న నల్లపాడు వచ్చాను. మేడమ్ గారు అదే శాఖలో అందరికంటే సీనియరు. బావకి ఒకప్పుడు పాఠం చెప్పిన గురువు. పెళ్లి చేసుకోలేదు. మా పక్కింట్లో ఒక్కతే ఉండేది.

కొత్తలో నాకు అన్నీ భయమే. రైలు కూతకి భయం, బావ స్నేహితులు ఇంటికొస్తే భయం, వాళ్లు వెళ్లేటప్పుడు "వెళ్లొస్తామండీ" అంటే ఏమనాలో తెలియక భయం. ఒకరోజు గోడవతల నుంచి పెద్ద గొంతు వినపడింది.

"ఏరా, నిన్న బకెట్టు నీళ్లు పోశాగా? ఇంకా మొహం వేలాడేస్తావేంది?"

ఎవరినో తిడుతున్నారనుకుని లోపలికి పోయి తలుపు చాటున నిలబడ్డాను. ఆమె తిడుతున్నది బొప్పాయి మొక్కని.

"ఎవరే అది, తలుపు చాటున? కొత్త కోడలా? ఇట్టా రా. నేను మొక్కల్నే తిడతాను, మనుషుల్ని తిట్టాలంటే పరీక్ష పేపర్లు దిద్దాలి."

అప్పుడు నాకు నవ్వొచ్చింది. నల్లపాడులో నా మొదటి నవ్వు అదేననుకుంటా.

సాయంత్రం బస్సు దిగి వస్తూ ఆమె తన ఇంటికి వెళ్లేది కాదు, మా గేటు దగ్గర ఆగి "మజ్జిగుందా?" అని అరిచేది. మోచేతుల దాకా అంటిన సుద్దపొడి మా కుళాయి దగ్గర కడుక్కుని మెట్టు మీద కూర్చునేది. గుక్కెడు మజ్జిగ, ఒక పచ్చిమిరపకాయ కొరుకుడు. "ఇదీ ఒక కారమేనా? మా నాన్న కూలికెళ్లిన చేలో కాయ కొరికితే చెవుల్లోంచి పొగొచ్చేది" అనేది. వాళ్లవీ మిరపకోత చేతులేనని అలా తెలిసింది. ఆ తర్వాత ఆమె ముందు కూర్చోవడానికి నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

వేసవి సెలవుల్లో అందరూ చల్లగా ఇంట్లో పడుకుంటే ఆమె సంచి సర్దుకుని ఏదో ఒక ఊళ్లో టీచర్లకి పెట్టే శిక్షణకి వెళ్లేది. ఇంత వయసొచ్చాక మీకింకా క్లాసులేంటండీ అని ఒకసారి అడిగాను. "సాన పట్టని కత్తి కూరగాయని కొయ్యదే, చితగ్గొడుతుంది. పాత నోట్సు చెప్పే మేష్టారూ అంతే. దెబ్బ తగిలేది పిల్లలకి" అంది.

బావకి హైదరాబాదులో ఒక ప్రయోగశాలలో పరిశోధనకి సీటొచ్చింది. మిరపకి ఆకుముడత తెచ్చే తెగులు మీద. ఒక ఏడు మా ఊళ్లో చేలకి చేలు ముడుచుకుపోతే అమ్మ గట్టు మీద కూర్చుని లేవలేకపోయింది. బావ అది చూశాడు. ఆ తెగులు పేరెత్తితే ఇప్పటికీ అతని గొంతు మారిపోతుంది. ఇలాంటి చదువు కోసం విశ్వవిద్యాలయం చిన్న టీచర్లకి రెండేళ్లు సెలవు ఇస్తుంది. జీతం ఆగదు. చదువు పూర్తిచేసి వచ్చి మళ్లీ అక్కడే పాఠం చెప్పాలి. మధ్యలో వదిలేసి వస్తే మాత్రం ఆ సెలవు ఇంకెప్పుడూ ఇవ్వరు.

కాకపోతే వాళ్లలో ఒక పద్ధతి ఉంది. సెలవు మీద వెళ్లే మనిషి తన క్లాసులన్నీ ఒక కాయితం మీద రాసి, ఒక్కో క్లాసు ఎదురుగా దాన్ని చెప్పడానికి ఒప్పుకున్న వాళ్ల సంతకం తీసుకోవాలి. సంతకాలు నిండితేనే కాయితం పైకి వెళుతుంది. బావ ఆ కాయితం పట్టుకుని శాఖంతా తిరిగాడు. శాఖాధిపతి గారికి ఆఫీసు పనే తలకు మించి ఉంది. ఒక లెక్చరరు అమ్మాయికి చంటిబిడ్డ. ఎవరి బరువు వాళ్లకుంది, ఎవరినీ తప్పుపట్టలేం. బావ ఇంటికొచ్చి ఖాళీ కాయితం ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. నాకు బాధగానే ఉంది. కానీ ఒంటరిగా ఉండక్కర్లేదన్న నిమ్మళం కూడా ఉంది.

"ఏవయ్యా, ఆ కాయితం ఇటియ్యి" అంది మేడమ్ గారు గోడ మీదుగా.

"మీకు ఇప్పటికే చాలా క్లాసులున్నాయి మేడమ్."

"ఇటియ్యమన్నా."

పిట్టగోడ మీదే కాయితం పరిచి, పై నుంచి కింద దాకా ప్రతి గడిలోనూ తన సంతకమే పెట్టింది. బావ కంగారుపడ్డాడు. "అన్నీ మీరేనా మేడమ్?"

"సగం గళ్లు నింపితే నీకు సగం సెలవిస్తారా? పో, పెట్టె సర్దుకో."

మర్నాడు మజ్జిగ తాగుతూ నాకొక్కదానికే చెప్పింది. ఆమె ఉద్యోగంలో చేరిన కొత్తలో కలకత్తాలో పరిశోధనకి పిలుపొచ్చిందట. ఇలాంటి కాయితమే పట్టుకుని అన్ని గదులూ తిరిగిందట. ఎవరూ కాదనలేదు. అందరూ నవ్వుతూ "వచ్చే ఏడు చూద్దాంలేమ్మా" అన్నారు. అలా అంటూ ఉండగానే ఆ సెలవుకి ఉండాల్సిన వయసు దాటిపోయింది. "సెలవిచ్చేది ఆ పెద్ద ఆఫీసు బిల్డింగు కాదే అమ్మాయ్, పక్క గదిలో వాళ్లు" అంది. కోపంగా అనలేదు. గ్లాసు అడుగున మిగిలిన కరివేపాకు వేలితో తీసి పారేసి లేచి వెళ్లింది.

బావ వెళ్లిపోయాక నా భయాలు పెరిగాయి. చదువుకున్నవాళ్ల మధ్య ఉండి ఉండి, తిరిగొచ్చేసరికి నా మాటలు అతనికి చప్పగా అనిపిస్తాయేమోనన్నది అన్నిటికంటే పెద్దది. మేడమ్ గారికి చెబితే పకపకా నవ్వింది. "భయమంటే చంటిపిల్ల లాంటిదే. చంకనేసుకుని పని చేసుకో. కింద దింపావో, ఇల్లెగిరిపోయేట్టు ఏడుస్తుంది."

అలాగే చేశాను. కానీ ఆ చంటిపిల్ల బరువు పెరుగుతూ వచ్చింది.

ఆమె రాక ఆలస్యమవుతోంది. బస్టాపు నుంచి మా గేటు దాకా నడిచి, గేటు పట్టుకుని నిలబడుతోంది. "మజ్జిగుందా" అని అరవడం లేదు, వేలితో సైగ చేస్తోంది. ఒకరోజు మెట్టు మీద కూర్చుని ఎడమ చెయ్యి రుద్దుకుంటూ ఉంటే చూశాను, ఎండ లేకపోయినా చెమటకి జాకెట్టు తడిసిపోయింది, పెదవులు తెల్లబడ్డాయి. నేను కేక వేయబోతే నా చెయ్యి పట్టుకుంది.

"అరవకు. మేడ మీద క్లాసులు కదా, మెట్లెక్కి దిగేసరికి ఆయాసం. అంతే."

బతిమాలి గుంటూరులో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. గుండె బలహీనపడిందని, మెట్లెక్కకూడదని, గట్టిగా మాట్లాడకూడదని ఆయన చెప్పాడు. బయటికి రాగానే ఆమె అంది: "గట్టిగా మాట్లాడకపోతే వెనక బెంచీవాళ్లు నిద్రపోరూ? ఆ పాపం ఈ డాక్టరుకే చుట్టుకుంటుంది." నాకు నవ్వు రాలేదు. ఆటోలో కూర్చున్నాక ఆమె గొంతు తగ్గించింది.

"మీ బావకి చెప్పకు."

"చెప్పకపోతే ఎట్టాగండీ?"

"చెబితే వచ్చేస్తాడు. వస్తే ఆ సెలవు మళ్లీ ఇవ్వరు. నాకు తెలుసు ఆ సంగతి, నీకు తెలియదు. చెప్పనని మాటియ్యి."

ఇచ్చాను. ఆ రోజు నుంచి నాకు అన్నం సరిగా సహించలేదు. బావ ఫోను చేసి "మేడమ్ ఎట్టా ఉన్నారు?" అంటే "బాగున్నారు" అనేదాన్ని. అనేసి వెంటనే మాట మార్చేదాన్ని. ఉదయం ఆమె గేటు చప్పుడైతే ఈ పూట మెట్లెక్కగలదో లేదోనని భయం, సాయంత్రం చప్పుడు కాకపోతే భయం. చెబితే బావ చదువు పోతుంది. చెప్పకపోతే మనిషే పోతుంది. ఎటు తిరిగినా ఆ రెండే కనపడేవి. వంట చేస్తూ ఉప్పు వేశానో లేదో మర్చిపోయేదాన్ని.

ఆదివారాలు మేమిద్దరం వెళ్లే చర్చిలో మేడమ్ గారి పాట అందరికంటే గట్టిగా, అందరికంటే శ్రుతి తప్పి వినపడేది. పాస్టరు గారు కూడా నవ్వు ఆపుకునేవారు. ఒక ఆదివారం పాట సగంలో ఉండగా ఆ గొంతు ఆగిపోయింది. పక్కకి తిరిగి చూస్తే కూర్చుండిపోయింది, కళ్లు మూసుకుని. జనం పాడుతూనే ఉన్నారు. ఆమె గొంతు లేకుండా ఆ పాట వినడం నాకు అదే మొదటిసారి.

మర్నాడు ఆమె బయల్దేరకముందే నేను బస్సెక్కాను. బావ పని చేసే విశ్వవిద్యాలయానికి ఒంటరిగా ఎప్పుడూ వెళ్లలేదు. శాఖాధిపతి గారి గది ముందు ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. లోపల ఆయనతో పాటు ఆ చంటిబిడ్డ తల్లి, లెక్చరరు అమ్మాయి, పేపర్లు సర్దుతూ ఉంది.

"ఎవరమ్మా? అడ్మిషన్ కోసమా?" అన్నారాయన.

బావ పేరు చెప్పి, అతని భార్యనని చెప్పాను. ఆయన కుర్చీ చూపించారు, కూర్చోలేదు. ఇంటి దగ్గర నుంచి అనుకుంటూ వచ్చిన మాటలన్నీ పోయి ఒక్కటే మిగిలింది.

"మేడమ్ గారిని మెట్లు ఎక్కనీయకండి. డాక్టరు ఎక్కొద్దన్నాడు. ఆవిడ చెప్పరు."

ఆయన మొహం మారిపోయింది. మంచి మనిషే. ఆ మంచితనంతోనే నేను భయపడిన పని చేశారు. నేను చూస్తుండగానే ఫోను తీసి బావకి కలిపి, "నీ భార్య వచ్చిందయ్యా. మేడమ్‌కి గుండె జబ్బట. ఏం చేద్దామంటావు?" అన్నారు. వద్దని చెయ్యి ఊపాను. అప్పటికే చెప్పేశారు.

మర్నాడు మధ్యాహ్నానికి బావ పెట్టెతో సహా దిగాడు. నన్ను ఒక్క మాట అనలేదు, నేరుగా మేడమ్ గారి వసారాలోకి వెళ్లాడు. నేను వెనకే వెళ్లి స్తంభం పక్కన నిలబడ్డాను.

"నేను తిరిగి ఉద్యోగంలో చేరిపోతాను మేడమ్. రేపే రాసిస్తాను."

"ఎందుకూ? నా గుండె నీకు రాసిచ్చానా?" అని నా వైపు తిరిగింది. "చెప్పనని మాటిచ్చి బస్సెక్కి వెళ్లి మరీ చెబుతావటే? సిగ్గరివనుకున్నాను, గుండెలు తీసిన బంటువే!"

"ఆమెనెందుకంటారు? నాకు ముందే తెలిసుంటే ఎప్పుడో వచ్చేవాణ్ణి."

"అందుకే చెప్పొద్దన్నాను, బుద్ధిలేనోడా! నువ్వు వెనక్కి రావడానికా నేను మెట్లెక్కింది?"

"మీరు పడిపోతే ఆ డిగ్రీ నేనేం చేసుకోను?"

"నువ్వు వచ్చేస్తే నేను ఎక్కిన మెట్లన్నీ ఏం చేసుకోను?"

ఇద్దరికీ ఆయాసం వచ్చింది. ఇద్దరూ మొహాలు తిప్పుకున్నారు. నాకు అప్పుడు వేసిన భయం ముందెప్పుడూ వేయలేదు. ఇద్దరిలో ఒకరు ఆ పూటే ఓడిపోతారు, ఎవరు ఓడినా అది నావల్లే. అప్పుడు గేటు తీసుకుని లెక్చరరు అమ్మాయి వచ్చింది, బిడ్డని ఎత్తుకుని. మేడమ్ గారిని చూడటానికి వచ్చింది. వాళ్ల మొహాలు చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"నేను ఒకటి రెండు క్లాసులు తీసుకుందునండీ మేడమ్. వీణ్ణి చూసేవాళ్లు లేరు. మా అత్తగారికి మోకాళ్లు..." అంటూ ఉంది.

"నేను చూస్తాను" అన్నాను.

ముగ్గురూ నా వైపు చూశారు.

"నాకు పాఠం చెప్పడం రాదండి. బిడ్డని చూడటం వచ్చు. మా ఊళ్లో చేలోకి వెళ్లేటప్పుడు ఒకళ్లం గట్టున పిల్లల్ని చూస్తాం, మిగతావాళ్లు కోస్తారు. గట్టున ఉన్నవాళ్ల సాలు కూడా వాళ్లే కోస్తారు. అట్టా చేసుకుందాం. మీరు క్లాసులో ఉన్నంతసేపు బాబు నా దగ్గరుంటాడు."

అంటూనే వెళ్లి బిడ్డని ఎత్తుకున్నాను. వాడు నా చెవి కమ్మ పట్టుకుని లాగాడు. మేడమ్ గారు బావ వైపు తిరిగి "విన్నావుగా. పెట్టె విప్పకు" అంది.

మేడ మీద బావ క్లాసులన్నీ ఆ అమ్మాయి తీసుకుంది. వాటిలో ఒక్క గురువారం క్లాసే మేడమ్ గారికి మిగిల్చి, దానికీ ఆమె సొంత క్లాసులకీ శాఖాధిపతి గారు కింద గది ఇచ్చారు. బావ మర్నాటి బండికే వెళ్లాడు. మేడమ్ గారు మాత్రం నాతో మాట్లాడటం మానేసింది. సాయంత్రం మా గేటు దాటి తన ఇంటికే వెళ్లిపోయేది. గోడవతల బొప్పాయి మొక్కతో మాట్లాడేది, నాకు వినపడేట్టు: "కొంతమందిని నమ్మకూడదురా." నేను రోజూ మజ్జిగ చిలికి, రోజూ పారబోసేదాన్ని. ఒక సాయంత్రం గేటు చప్పుడైంది.

"మజ్జిగుందా?"

గ్లాసు నిండా పోసి ఇచ్చాను. ఒక గుక్క తాగి మొహం చిట్లించింది. "మాట ఎట్టాగూ తప్పావు. మజ్జిగలో ఉప్పన్నా సరిగ్గా వెయ్యి."

ఆ తర్వాత ఏడాది దాటి ఉంది ఆమె మా మధ్య. మెట్లు లేకపోవడం వల్లే ఆ ఏడాది దక్కిందని డాక్టరు అన్నాడు. నిజమో, నన్ను ఊరడించడానికి అన్నాడో తెలియదు. నేను నిజమనే అనుకున్నాను. బాబు మా ఇంట్లోనే నడక నేర్చాడు. మేడమ్ గారు వాణ్ణి "సార్" అని పిలిచేది, "సార్ గారు ఇవాళ ఎన్నిసార్లు తడిపారు?" అని అడిగేది. నేను నవ్వేదాన్ని గానీ, నవ్వుతూనే ఆమె పెదవుల రంగు చూసుకునేదాన్ని. ఆసుపత్రికి తీసుకెళ్లిన రోజు కూడా అంబులెన్సు అబ్బాయిలతో వాదించింది, చెప్పులు వేసుకోనివ్వలేదని.

సమాధుల తోటలో మట్టి వేయడం అయ్యాక జనం కదులుతున్నారు. బావ అక్కడే నిలబడి ఉన్నాడు. అతని సెలవులో ఇంకా కొన్ని నెలలు మిగిలి ఉన్నాయి, రాయాల్సింది చాలా ఉంది. శాఖాధిపతి గారు దగ్గరికొచ్చి, ఇబ్బందిపడుతూనే, ఆ మాటెత్తారు. బావ కాయితంలో మేడమ్ గారి గురువారం క్లాసుకి సంతకం ఖాళీ అయిందని, పైవాళ్లు అడుగుతారని. బావ నా వైపు చూశాడు. అతను ఏమనబోతున్నాడో నాకు తెలుసు. చుట్టూ ఆమె శిష్యులు, లెక్చరర్లు, చర్చివాళ్లు.

"ఆయన రేపు బండెక్కుతారండి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. "ఆ క్లాసు ఎవరన్నా చెప్పండి. మేడమ్ గారు ఆయన్ని వెనక్కి పిలవలేదు. మనమూ పిలవొద్దు."

శాఖాధిపతి గారు తల వంచుకున్నారు. "నేను మొదటి సంవత్సరం వాళ్లకి పాఠం చెప్పి చాలా ఏళ్లయిందమ్మా. వచ్చో రాదో" అన్నారు. ఆయనకీ భయమేనని అప్పుడు తెలిసింది. "సరే. నా పేరు రాసుకోవయ్యా" అన్నారు బావతో.

బావ వెళ్లాడు. చదువు పూర్తవుతుందో లేదో, ఆ కొన్ని నెలల్లో ఇంకేం జరుగుతుందో నాకు తెలియదు. భయం ఇంకా చంకలోనే ఉంది.

ఆ గురువారం బాబుకి కొంచెం ఒళ్లు వెచ్చగా ఉంటే, తల్లికి చూపిద్దామని విశ్వవిద్యాలయానికి తీసుకెళ్లాను. కింద గది కిటికీ పక్క నుంచి పోతూ ఆగాను. శాఖాధిపతి గారు లోపలికి వచ్చారు. పిల్లలందరూ లేచి నిలబడ్డారు. ఆయన వాళ్లని కూర్చోమనలేదు, నమస్కారం అందుకోలేదు. తిన్నగా వెళ్లి బోర్డు వైపు తిరిగి, చెయ్యి పైకెత్తి, ఏమీ రాయకుండా అలాగే ఉండిపోయారు. పాఠమే గుర్తు రాలేదో, మేడమ్ గారే గుర్తొచ్చారో, నాకు ఆయన వీపు మాత్రం కనపడుతోంది. ముందు బెంచీ నుంచి వెనక బెంచీ దాకా ఒక్కరూ కూర్చోలేదు.